పుష్పమ్మ గోడ మీది ఈగ

దేవి అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఒక్కదానికే. పక్కనే ఉండి కూడా, కూతురికి ఏదో అవుతున్న సంగతి తనకు తెలియకుండా పోతుందేమోనని. జ్వరానికి ఆమె అంతగా భయపడదు. చెయ్యి పెడితే జ్వరం తెలుస్తుంది. కింద పడితే ఏడుపు వినిపిస్తుంది. చప్పుడు చెయ్యకుండా వచ్చి, ఒంటి మీద ఆనవాలు పెట్టకుండా తిష్ఠ వేసుకునే వాటంటేనే ఆమెకు కాళ్లూ చేతులూ ఆడవు.

అలాంటి మనిషి చేతికి రాఘవేందర్ సార్ ఆ ఈగను ఇచ్చారు.

పద్మారావు నగర్‌లో సార్ ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. కాలేజీ మ్యూజియాల్లో అద్దాల వెనక పెట్టే బొమ్మలు అక్కడ తయారవుతాయి. నిలువుగా కోసిన గుండెకాయ, చెవి లోపలి నత్తగుల్ల, దోమ తల, మెలికలు తిరిగిన బద్దెపురుగు. అచ్చులు పోసేది తిరుమల్. రంగులు, వెంట్రుకలు, సన్నపనులన్నీ దేవివి. ఈసారి ఏదో పశువైద్య కళాశాల వాళ్లు ఆఫ్రికా ఈగ కావాలన్నారు. సెట్సీ ఈగ. అసలు ఈగ చిటికెన వేలి గోరంత ఉంటుందట. బొమ్మ మూరెడు ఉండాలి. కడుపు పక్కన కిటికీలా కోసి లోపలి సంగతి కూడా చూపించాలి.

తిరుమల్ పాత ఇంటీగ అచ్చు తీసి, దుమ్ము దులిపి, అందులోనే పోసేశాడు. ఈగ ఈగే కదా, మూతి మారిస్తే సరిపోతుందని అతని లెక్క. సార్ వచ్చి బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, అతికించిన రెక్కలు రెండూ ఊడబీకారు.

"ఇంటీగ కూసున్నప్పుడు రెక్కలు అటొకటి ఇటొకటి పెట్టుకుంటది. ఇది గట్ల కాదు తిరుమల్. వీపు మీద ఒకదాని మీదొకటి, కత్తెర మూసినట్టు. జెర దూరంకెళ్లి చూస్తే ఒకటే రెక్క అనుకోవాలె."

"ఆఫ్రికా పోయి ఎవరు చూసొస్తరు సార్" అని గొణుగుతూ తిరుమల్ కొత్త ప్లాస్టిక్ షీటు కత్తిరించడానికి కూర్చున్నాడు. ఆ రెక్క మధ్యలో నరాలు కలిసే చోట ఒక గడి గొడ్డలి ఆకారంలో వస్తుందని సార్ గీసి చూపించారు. ఏ ఈగకూ అలా ఉండదట. రెక్క ముక్క ఒక్కటి దొరికినా చాలు, ఆ గొడ్డలిని బట్టి ఇది ఫలానా అని చెప్పెయ్యొచ్చట.

దేవికి మీసాల పని వచ్చింది. ఈగ మీసం అంటే మన మీసం కాదు. కళ్ల మధ్య నుంచి వేలాడే పొట్టి కాడ, దాని మీద నుంచి లేచిన ఈక. సెట్సీ ఈగకు ఆ ఈక మీద వెంట్రుకలు పైవైపునే ఉంటాయి, కిందివైపు నున్నగా ఉంటుంది. పైగా ఒక్కో వెంట్రుకకూ మళ్లీ పిల్ల వెంట్రుకలు. నైలాన్ పోచలతో అది కుదరలేదు. దేవి ఇంటి నుంచి పూల చీపురు కొసలు తెచ్చింది. వాటికి పుట్టుకతోనే కొమ్మలు ఉంటాయి కదా. పటకారుతో ఒక్కొక్కటీ పట్టుకుని, జిగురులో ముంచి, ఊపిరి బిగబట్టి నిలబెట్టింది. సార్ వంగి చూసి, బాగుందని అనలేదు గాని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన దగ్గర అది బాగుందన్నట్టే.

కాళ్ల దగ్గర తప్పు చేసింది. వెనక కాలి చివర ఐదు చిన్న ముక్కలుంటాయి. ఐదింటికీ నల్లరంగు వేసేసింది. ఐదూ నల్లగా ఉంటే అది వేరే గుంపు ఈగ అన్నారు సార్, నదుల ఒడ్డున చెట్లలో ఉండేది. మనకు కావలసింది బయలు ప్రదేశాల్లో తిరిగేది, దానికి కొస రెండు ముక్కలే నలుపు. దేవి గుడ్డకు టర్పెంటైన్ అద్దుకుని మూడు ముక్కలు తుడిచింది. కాలి కొసన ఇంత నలుపు తుడిస్తే ఒక ఈగ ఇల్లూ వాకిలీ మారిపోతాయా అనుకుంది.

కడుపు కిటికీలో పెట్టాల్సింది పిల్ల పురుగు. ఈ ఈగ గుడ్లు పెట్టదట. ఒక్కసారికి ఒక్క పిల్లనే కడుపులో పెట్టుకుని, లోపలే పాల లాంటిది తాగించి, తనంత అయ్యాక కంటుందట.

"ఈగకి పాలేటి సార్" అంది దేవి.

"మన దేవక్క లెక్కనే" అన్నాడు తిరుమల్ షీటు మీంచి తలెత్తకుండా. "ఉన్నది ఒక్కటి, దాని కోసం ఇరవై నాలుగ్గంటలు పరేషాన్."

చివరికి పేరు పలక రాయాలి. దేవి చేతిరాత గుండ్రంగా ఉంటుందని పలకలన్నీ ఆమె చేతనే రాయిస్తారు. సార్ చెబుతుంటే రాసింది. వర్గం ఆర్థ్రోపొడా. క్రమం డిప్టెరా, అంటే రెండే రెక్కలవి. కుటుంబం గ్లాసినిడే. ప్రజాతి గ్లాసినా. జాతి మార్సిటాన్స్. తొమ్మిదిలో బడి మానేసిన దేవికి ఈ మాటలు ఊరు, వీధి, ఇంటి నంబరు లాగా వినిపించాయి. ఆ కింద వరసలో వ్యాధి. పశువుల్లో నగానా. మనుషుల్లో నిద్ర జబ్బు. మొదట వచ్చి పోయే జ్వరం, తర్వాత పగటి నిద్ర. అన్నం ముందు కూర్చుని కూడా రోగి కునుకుతాడు.

దేవి కుంచె ఆపింది. ఆ ఆఖరి వరస మళ్లీ చదివింది. రంగు ఆరాక మళ్లీ చదివింది.

*

బోయిగూడ సందులో మలుపు తిరిగితే పాత పాలవ్యాపారి కొట్టం. అందులో ఇంకా కొన్ని బర్రెలు ఉన్నాయి. దాన్ని ఆనుకుని పుష్పమ్మ ఇల్లు. పనికి పోయే ఆడవాళ్లు పిల్లల్ని అక్కడ దించిపోతారు. పుష్పమ్మ చేతిలో పిల్లలకు లోటు లేదని సందంతా చెబుతుంది. ఆమెకు ఒక పట్టుదల ఉంది. పిల్ల తల్లి ఏం చెప్పిందో అదే చేస్తుంది, రవ్వంత ఎక్కువా లేదు, రవ్వంత తక్కువా లేదు. ఎవరో ఒకామె తన కొడుక్కి జలుబు చేసినప్పుడు అరటిపండు పెట్టొద్దని చెప్పి, తర్వాత ఆ సంగతే మర్చిపోయింది. వాడు ఏడాది పాటు మిగతా పిల్లలు అరటిపండ్లు తింటుంటే చూస్తూ కూర్చున్నాడు. తల్లికి తెలిసి నవ్వితే, పుష్పమ్మ నవ్వలేదు. పిల్లలు మీవి, మాట మీది, నాదేముందంది.

దేవి వెళ్లేసరికి లోవశ్రీ చాప మీద పడుకుని ఉంది. పక్కన, అదే సందులో ఉండే రజిత కూతురు హిమజ. రెండేళ్లు నిండని పిల్లలిద్దరూ ఒకే వైపు తిరిగి, ఒకే తీరున నోళ్లు తెరుచుకుని.

ఇది రోజూ చూసేదే. రోజూ దేవి పిల్లను భుజాన వేసుకుని, మెలకువ రాకముందే అన్నం వార్చుకోవచ్చని గబగబా నడిచేది. ఇవాళ వంగి బుగ్గ మీద తట్టింది. లోవశ్రీ రెప్పలు సగం తెరిచింది. నల్లగుడ్లు పైకి పోయి, మళ్లీ మూతపడ్డాయి. ముంజేతి మీద ఎర్రగా దద్దురు.

"మంచి బిడ్డ" అంది పుష్పమ్మ, బియ్యం ఏరుతూ. "జెర సుత సతాయించది. గిట్లాంటి పిల్లలైతే ఇంకో నలుగురిని పెట్టుకుంటా."

దద్దురు సంగతి అడిగితే, ఈగ కుట్టిందని చెప్పింది. ఈగ కుడుతుందా అని దేవి అడిగింది. ఎందుకు కుట్టదు, బర్రెల మీది ఈగలు సూదులు పొడిచినట్టు కుడతాయని చెప్పి గోడ వైపు గడ్డం ఎగరేసింది. సున్నం గోడ మీద బూడిదరంగు ఈగ ఒకటి తల పైకి పెట్టి వాలి ఉంది. దేవి దగ్గరికి వెళ్లి చూసింది. దాని మూతి కిందికి లేదు. తలలోంచి ముందుకు, నల్లగా, సూదిలా పొడుచుకుని ఉంది.

పొద్దుటి నుంచి తను రంగు వేసిన మూతి అది.

ఇంటికి వచ్చాక లోవశ్రీ పెరుగన్నం రెండు ముద్దలు తిని, మూడో ముద్ద నోట్లో ఉండగానే తల వాల్చేసింది. దేవి ముద్ద వేలితో తీసి పారేసింది. మొగుడు వాసు మెట్రో స్టేషన్‌లో లిఫ్టుల పని ముగించుకుని వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే మొత్తం చెప్పింది, ఆఫ్రికా దగ్గర మొదలుపెట్టి గోడ దాకా. అతను తువ్వాలు తీసుకుని ముఖం తుడుచుకున్నాడు.

"పిల్ల ఏడిస్తే నువ్వూ ఏడుస్తావు. పిల్ల నిద్దరోతే దానికీ ఏడుస్తావు. నీకేటి గావాలో సెప్పవే, తెచ్చి పడేస్తాను."

అయినా శనివారం డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్లాడు. డాక్టరు కళ్లు లాగి చూసి, పొట్ట నొక్కి, రక్తం తక్కువగా ఉందన్నారు. ఈగ మాట దేవి ఎత్తగానే నవ్వి, అది ఈ దేశంలో లేదమ్మా అన్నారు. పిల్లకి ఏమైనా మందులు వాడుతున్నారా అని అడిగారు. ఏమీ లేదని దేవి చెప్పింది. ఇనుము చుక్కలు రాసిచ్చారు.

ఆదివారం లోవశ్రీ తెల్లారి లేచింది మొదలు ఇల్లు పీకి పందిరేసింది. పేపరు చింపింది, బిందె మీది మూత దొర్లించింది, వాసు చెప్పుల్లో అటుకులు పోసింది. మధ్యాహ్నం పడుకోబెడితే పడుకోలేదు. చూశావా అన్నాడు వాసు. దేవి చూసింది. కాని పలక మీద తను రాసిన మాట ఆమెకు కంఠతా వచ్చేసింది. జ్వరం వచ్చి పోతుంది అని. వచ్చి పోయేది జ్వరం ఒక్కటే అయ్యుండాలని ఎక్కడుంది, నిద్ర కూడా అలాగే వచ్చి పోవచ్చుగా అనుకుంది.

సోమవారం పొద్దున పిల్లను దించడానికి వెళ్లినప్పుడు స్టీలు గ్లాసు వెంట తీసుకెళ్లింది. గోడ మీద వాలిన ఈగ మీద గ్లాసు బోర్లించి, కింద నుంచి అట్టముక్క దూర్చింది. పుష్పమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఈ తతంగమంతా చూసింది.

"మీ సార్‌కు ఈగలు సుత కరువైనయా బిడ్డా. రోజు వచ్చి తోల్కపో. కిరాయి అడగ."

*

సార్ ఈగను బెండు ముక్క మీద సన్నసూదికి గుచ్చి, కాలు ఉన్న పెద్ద భూతద్దం కింద పెట్టారు. దేవి చెప్పిందంతా విన్నారు. పిల్ల నిద్ర గురించి ఆమె చెప్పిందే మళ్లీ చెబుతుంటే, ఆయన చూపు తిప్పి బెండు ముక్కను సర్దారు.

ఆ ఈగ మన దేశంలో లేదని ఆయన కూడా అన్నారు. ఓడల్లో పురుగులు వస్తాయి కదా, విమానంలో ఇది రాకూడదా అని దేవి అడిగింది. రాదు అని చెప్పి ఊరుకుంటే నువ్వు ఊరుకోవు, నువ్వే చూడు అని భూతద్దం ఆమె వైపు తిప్పారు. పక్కనే మూరెడు బొమ్మను కూడా పెట్టారు.

"మూతి ఎట్లున్నది?"

"ముందుకే ఉంది సార్. మన బొమ్మ లాగే."

"అందుకే మోసపోయినవ్. చానామంది మోసపోతరు. ఇప్పుడు సూది పక్కల చూడు. బొమ్మకు రెండు తొడుగులు పెట్టినవ్ కద, సూదంత పొడుగు, కత్తికి ఒర లెక్క. దీనికి ఉన్నయా?"

దేవి కన్ను చిట్లించింది. భూతద్దంలో ఈగ తల రేగుపండంత కనిపించింది. సూది నున్నగా, ఒంటరిగా ఉంది. మొదట్లో మాత్రం రెండు పొట్టి మొటికలు. వాటి కొసలు సూదిలో సగానికి కూడా రాలేదు.

"పొట్టిగున్నాయి."

"మీసం?"

మీసం మీద వెంట్రుకలున్నాయి, పైవైపు. దేవి మళ్లీ బొమ్మ మీసం వైపు చూసింది. సార్ తొందరపడలేదు. వెంట్రుకకు మళ్లీ వెంట్రుక ఉందా అని అడిగారు. లేదు. ఒక్కొక్కటీ సాదా పోచ. దీని కోసం చీపురు అక్కర్లేదు, ఏ బ్రష్షయినా సరిపోతుంది. తర్వాత రెక్క. ఆయన పటకారుతో దాన్ని వెడల్పుగా పరిచారు. తిరుమల్ కూడా వచ్చి ఆమె భుజం మీంచి తొంగిచూశాడు. నరాలు కొమ్మలుగా విడిపోయి అంచు వరకు పోయాయి. మధ్య గడి మామూలు గడి. గొడ్డలి లేదు.

"కొట్టం ఈగ ఇది" అన్నారు సార్. "బర్రెలకు, గుర్రాలకు పడుతది. ఇంటీగ కుటుంబమే, నెత్తురు మరిగింది. సెట్సీది వేరే కుటుంబం. ఇది కుడితే దురద పెడుతది, దద్దురు లేస్తది. నిద్ర మాత్రం తేదు."

దేవి స్టూలు మీద కూర్చుండిపోయింది. తిరుమల్ ఏదో హాస్యమాడబోయి, ఆమె ముఖం చూసి మానుకుని టీ తెచ్చిపెట్టాడు. ఆమె టీ తాగింది. తర్వాత కడుపు కిటికీలో పెట్టాల్సిన పిల్ల పురుగు తీసుకుని దంతపు రంగు కలిపింది. దాని తోక వైపు రెండు నల్ల బుడిపెలుంటాయి. ఊపిరి పీల్చుకునేది వాటితోనే. ఒక బుడిపెకు నలుపు వేసి, రెండోదాని దగ్గర కుంచె ఆపింది.

"ఈగ కాదు సరే సార్. మరి అదెందుకలా పడుకుంటోంది?"

సార్ తల ఊపారు. ఆ ప్రశ్న కోసమే కూర్చున్నట్టు, ఇంట్లో ఉన్న రోజున కూడా పడుకుంటుందా అని అడిగారు. నిన్న పడుకోలేదని దేవి చెప్పింది. ఆ మాట తన నోటి నుంచి బయటికి వచ్చాక గాని ఆమె దాన్ని వినలేదు. ఇంకో ప్రశ్న వేయబోతున్న సార్‌ను ఆపి, ఇవాళ్టికి వెళ్లొచ్చా అని అడిగింది. కుంచె కడగలేదు. అలా వదిలేసి ఆమె ఎప్పుడూ వెళ్లలేదు.

*

తలుపు తీసే ఉంది. పిల్లల అన్నాలు అప్పుడే అయ్యాయి. పుష్పమ్మ నేల తుడిచి, చాప పరిచి, హిమజను ఒళ్లో కూర్చోబెట్టుకుని సీసా మూతతో నోట్లో ఏదో పోస్తోంది. హిమజ చప్పరించి ఇంకా కావాలన్నట్టు నోరు తెరిచింది. పుష్పమ్మ ఆ పిల్ల మూతిని కొంగుతో తుడిచి, పిల్లను చాప మీదికి జరిపి, లోవశ్రీ కోసం చేతులు చాచింది. లోవశ్రీ తనంత తనే నడిచి వెళ్లి ఆమె ఒళ్లో కూర్చుంది.

గుమ్మంలో దేవిని చూసి కూడా పుష్పమ్మ చెయ్యి ఆగలేదు. దాచుకునే పనయితే కదా. మూత నిండా గులాబీరంగు మందు వంపింది.

దేవి వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంది. మందు పుష్పమ్మ చీర మీద ఒలికింది.

"ఏటిది పెద్దమ్మా."

పుష్పమ్మ చీర వైపు చూసుకుని, తర్వాత దేవి వైపు చూసింది.

"ఏంది అంటవేంది బిడ్డా. నీ మందే కద."

జలుబు మందు. వానలు షురూ అయినప్పుడు లోవశ్రీ ముక్కు కారుతుంటే దేవే కొనిచ్చింది. గుమ్మంలో నిలబడి, ఆలస్యమవుతోందని గొడుగు విప్పుకుంటూ, అన్నం తిన్నాక రోజూ ఒక మూత పొయ్యి పెద్దమ్మా అని చెప్పింది తనే. జలుబు వారంలో పోయింది. తను మందు సంగతే మర్చిపోయింది. ఇప్పుడు వానలు వెళ్లిపోయి, బయట ఎండ కాస్తోంది.

పుష్పమ్మ మర్చిపోలేదు. సీసా అయిపోతే ఖాళీ సీసా తీసుకెళ్లి మందుల షాపులో చూపించి, అలాంటిదే తెచ్చింది. మళ్లీ అయిపోతే మళ్లీ తెచ్చింది. కడిగిన సీసాలు కిటికీలో వరసగా ఉన్నాయి. ఒకదానిలో కొబ్బరినూనె, ఒకదానిలో మనీప్లాంటు తీగ.

"జలుబు తగ్గిపోయింది కదా పెద్దమ్మా" అంది దేవి.

"తగ్గిందో లేదో నేనెట్ల చెప్పాలె. తల్లివి నువ్వు. పొయ్యమన్నవ్, పోసిన. ఆపమని చెప్పినవా? చెప్పు, చెప్పినవా?"

లోవశ్రీ పుష్పమ్మ ఒళ్లో నుంచి, ఒలికిన మందు మీద వేలు పెట్టి నాకుతోంది. దేవి పిల్లను ఎత్తుకుంది.

హిమజకు ఎందుకు పోస్తున్నావని అడిగింది. దానికీ పుష్పమ్మ దగ్గర జవాబు ఉంది. లోవశ్రీకి మందు మంచిగా పడిందని, పిల్ల బుద్ధిగా ఉంటోందని రజితకు చెబితే, నా బిడ్డకు సుత పొయ్యి అందట. అది కూడా తల్లి చెప్పిన మాటే. దీనివల్లే పిల్లలు మత్తుగా పడి ఉంటున్నారు, హిమజకు కూడా ఆపెయ్యి అని దేవి అంది. పుష్పమ్మ లేచి నిలబడింది. అప్పటిదాకా లేని కరుకుదనం ముఖంలోకి వచ్చింది.

"నీ బిడ్డకు ఆపమన్నవ్, ఆపుతా. ఆ బిడ్డ తల్లివి నువ్వా?"

*

సీసా తీసుకెళ్లి డాక్టరుకు చూపించారు. ఆయన ఈసారి నవ్వలేదు. ఇంత చిన్నపిల్లలకు ఇది రోజూ పోసే మందు కాదని, అసలు పొయ్యకూడదని చెప్పి, మందులేమైనా వాడుతున్నారా అని మొన్న అడిగాను కదా అన్నారు. వాసు నేల చూశాడు. అప్పుడు నిజంగా తెలియదని దేవి అంది. ఆ మాట అంటుంటే తనకే చెవుల్లో గరుకుగా తగిలింది.

లోవశ్రీ ఆ తర్వాత కొన్ని రోజులు చిరాకుపడింది, కారణం లేకుండా ఏడ్చింది, దేవి చున్నీ పట్టి లాగింది. దేవి అన్నం మాడగొట్టుకుంది, కూర అడుగంటించింది. వాసు మాడిన అన్నం పెరుగు పోసుకుని తిన్నాడు.

పిల్లను ఇప్పుడు షెడ్డుకే తీసుకెళుతోంది. తిరుమల్ చెక్కముక్కలతో మూల ఒక దడి కట్టాడు. అందులో లోవశ్రీ పాత మైనపు ఊపిరితిత్తితో ఆడుకుంటుంది. సెట్సీ ఈగను గడ్డి నింపిన పెట్టెలో పెట్టి లారీకి ఎక్కించారు. కడుపు కిటికీ అద్దం మీద వేలిముద్ర పడిందని దేవి చివరి నిమిషంలో తన చున్నీతో తుడిచింది. ఆ తర్వాత పని ఉడుం కాళ్లది.

రజితను పట్టుకోవడానికి మాత్రం రోజులు పట్టింది. ఆమెకు పెద్ద ఆసుపత్రిలో ఆయా పని. ఈ మధ్య అన్నీ రాత్రి డ్యూటీలే. ఫోను చేస్తే ఎత్తదు. పొద్దున ఆమె బస్సు దిగే చోట దేవి లోవశ్రీని చంకనేసుకుని నిలబడింది. రజిత కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి, చేతిలో టిఫిన్ డబ్బా ఊగుతోంది. దేవి చెప్పిందంతా విన్నది. సీసా మీద ఏం రాసి ఉందో, డాక్టరు ఏమన్నారో అన్నీ చెప్పాక, రజిత లోవశ్రీ వైపు చూసింది. లోవశ్రీ తల్లి చెవికమ్మ పీకుతూ, కాళ్లు ఆడిస్తూ, కిందికి దింపమని అరుస్తోంది.

"మస్తు హుషారైంది" అంది రజిత.

ఆపమని పుష్పమ్మకు నువ్వే చెప్పాలి, నేను చెబితే వినదని దేవి అంది. రజిత డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"పొద్దున ఇంటికొచ్చి నేను పండుకోవాలె అక్కా. పండుకోకపోతే రాత్రి అక్కడ నిలబడలేను. ఇది ఏడిస్తే పుష్పమ్మ తీస్కపొమ్మంటది. అప్పుడు ఎక్కడ పెట్టాలె. నీకు ఉన్నట్టు నాకు షెడ్డు లేదు." లోవశ్రీ వైపు మళ్లీ చూసింది. "నీకు సుత మంచిగనే ఉండె కద, మొన్నటిదాక."

భుజాన పిల్లను వేసుకుని, మెలకువ వచ్చేలోపు అన్నం వండుకోవచ్చని గబగబా నడిచిన సాయంత్రాలు దేవికి గుర్తున్నాయి. కావాలంటే హిమజను కూడా షెడ్డుకు తీసుకెళతాను, సార్‌ను అడుగుతానంది. రజిత ఆమె భుజం మీద చెయ్యి వేసింది, ఓదార్చినట్టుగా.

"పరేషాన్ కాకు అక్కా. జెర తగ్గించి పొయ్యమని చెప్తా."

అలా అని సందులోకి వెళ్లిపోయింది. తగ్గించి పొయ్యమని చెప్పిందో, అదీ చెప్పలేదో దేవికి తెలియదు. ఒకసారి మధ్యాహ్నం వెళ్లి తలుపు తట్టింది. కిటికీలోంచి చూసి పుష్పమ్మ తలుపు తీయలేదు. రెండోసారి వెళితే, పక్కింటివాళ్లు వినేలా, బతుకుదెరువు మీద మన్ను పోసేటోళ్లు మళ్లీ వచ్చిన్రని అంది. సార్‌కు చెబితే ఆయన పిల్లల సంక్షేమం చూసేవాళ్లకు ఫోన్ చేశారు. ఎవరో వచ్చి, శుభ్రమైన ఇల్లు, నిద్రపోతున్న పిల్లలు, అంతా బాగానే ఉందని చూసి వెళ్లారట.

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా బోయిగూడలో పనుంటే, బర్రెల కొట్టం పక్క ఇంటికి ఒకసారి వెళ్లండి. దేవి పేరు ఎత్తకండి. పుష్పమ్మ చెడ్డమనిషి కాదు, కూర్చోబెట్టి మంచినీళ్లిస్తుంది. పిల్లను దించడానికి చోటుందా అని అడగండి. అన్నాలు కాగానే వద్దు, అప్పుడు ఏ పిల్లయినా పడుకునే ఉంటుంది. పొద్దు వాలి, ఎండ గుమ్మంలోకి వచ్చే వేళకు వెళ్లండి. చాప మీద హిమజ అనే పిల్ల ఉంటుంది, చెవులకు వెండి పోగులు. ఆడుకుంటుంటే మీ పని మీరు చూసుకోండి. లేకపోతే ఎత్తుకుని, కాసేపు గుమ్మం బయట వెలుతురులో నిలబడి, ఆ పిల్ల ఎలా ఉందో చూడండి.